పిల్లలకోడి

మా నాయనమ్మకు గడియారం చూడటం తెలియదు. రాత్రివేళ మెలకువ వస్తే వాకిట్లోకి వచ్చి, తల పైకెత్తి చూసి, "పిల్లలకోడి ఇంకా నడినెత్తికి రాలేదు, పడుకోండి" అనేది. పండితులు కృత్తికలని పిలిచే నక్షత్రాల గుంపే మన పల్లెటూళ్ళలో పిల్లలకోడి. పురాణకర్తకు ఆ గుంపులో కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు కనిపించారు. మన రైతు ఇల్లాలికి పిల్లలను వెంటవేసుకొని తిరిగే పెట్ట కనిపించింది. ముప్పైమూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విరమించిన నేను, ఈ రెండో పేరులోని అర్థాన్ని ఒక పెట్టను స్వయంగా పొదగవేసిన తరువాతనే తెలుసుకొన్నాను. ఆ కథ చెబుతూ, కోడిని గురించి మన పూర్వులు వ్రాసినదేమిటో, వ్రాయక విడిచినదేమిటో కొంత విచారించాలని ఈ టపా.

ముందు గ్రంథాల మాట చెప్పుకొందాం.

వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలను లెక్కపెడుతూ పొట్టేళ్ళ, కోళ్ళ, లావుక పిట్టల పోరును కూడ ఒక కళగా చేర్చాడు. దండి దశకుమారచరితంలో ప్రమతి శ్రావస్తికి పోతూ దారిలో వర్తకులు ఆడిస్తున్న కోడిపందెం చూస్తాడు. పుంజుల జాతిని బట్టి వాటి బలాబలాలు చెప్పగలుగుతాడు. 13వ శతాబ్దిలో కేతన ఆ గ్రంథాన్ని తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. క్రీడాభిరామం ఓరుగల్లు నగరపు వినోదాలలో కోడిపోరును చూపించింది. ఇక మనకు కృష్ణ ఆవలి ఒడ్డునే పల్నాడు. నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ నడుమ జరిగిన కోడిపోరు ఒక రాజ్యపు తలరాతను మార్చిందని వీరచరిత్ర చెబుతుంది. కారంపూడిలో నేటికీ కార్తికమాసంలో జరిగే వీరారాధనోత్సవాలలో ఒకరోజు పేరే కోడిపోరు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ వినోదాన్ని విస్మరించలేదు.

ఇన్ని చోట్ల కోడి ఉన్నది. కాని చూడండి, ఉన్నదంతా పుంజే. నిఘంటువు తెరిచినా అంతే. తామ్రచూడమంటే ఎర్రని జుట్టు గలది. చరణాయుధమంటే కాళ్ళే ఆయుధాలుగా గలది. కృకవాకువంటే గొంతెత్తి పలికేది. జుట్టు, కాలిముల్లు, కూత — మూడూ పుంజు లక్షణాలే. గుడ్డు పెట్టి, పొదిగి, గద్ద నీడ పడితే రెక్కల క్రింద పిల్లలను దాచే ప్రాణికి ఆ పేర్లలో చోటు లేదు.

కుక్కుటశాస్త్రమని మన ప్రాంతంలో చేతులు మారే చిన్న పుస్తకాలు ఉన్నవి. నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, వీపునో రెక్కలమీదనో పసుపు కలిసినది నెమలి, నలుపు ఎరుపు పసుపు మూడూ కలిస్తే కౌజు. ఇంకా పర్ల, పింగళ, మైల, అబ్రాసు, గేరువా. ఏ వారంనాడు, ఏ నక్షత్రంలో, ఏ దిక్కునుండి ఏ రంగు పుంజును దింపాలో, అది ఏ జాములో రాజ్యావస్థలో ఉంటుందో, ఏ జాములో నిద్రావస్థలో ఉంటుందో పట్టికలు వేసి చెబుతాయి. రంగుల పేర్ల సంపదలో తెలుగు భాషకు ఇది ఒక గని. ఆ గౌరవం నాకు ఉన్నది. కాని పందెం బరిలో దిగవలసిన పుంజును ఎంచుకోవడమెట్లాగో చెప్పిన ఆ పుస్తకాలు, ఇంట నిలుపుకోవలసిన పిల్లను ఎంచుకోవడమెట్లాగో చెప్పవు.

ఒక్క వరాహమిహిరుడు మాత్రం, నాకు తెలిసినంతలో, ఈ విషయంలో న్యాయం చేశాడు. బృహత్సంహితలో కుక్కుటలక్షణమని ఒక చిన్న అధ్యాయం ఉన్నది. ఈకలూ వేళ్ళూ తిన్నగా ఉండాలనీ, ముఖమూ గోళ్ళూ జుట్టూ ఎర్రగా ఉండాలనీ, తెల్లవారుజామున మంచి స్వరంతో కూయాలనీ పుంజును గురించి చెప్పి, చివర పెట్టను తలచుకొన్నాడు. మెత్తగా, ఇంపుగా పలికేదీ, నిగనిగలాడే ఒళ్ళు గలదీ, ముఖమూ కళ్ళూ అందంగా ఉన్నదీ రాజులకు చిరకాలపు శ్రీని ఇస్తుందన్నాడు. ఆ శ్లోకాన్ని కళాశాల రోజులలో చదివి, రాజులకూ కోడిపెట్టకూ ఏమి సంబంధమని నవ్వుకొన్నాను. దానిని మళ్ళీ తలచుకోవలసిన రోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి చరిత్ర.

మాది దివిసీమలో నాగాయలంకకు దిగువన ఒక పల్లె. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయి, కాలువలు దిగి, మా వైపు వరి పండటం మొదలైనదని పెద్దలు చెప్పేవారు. ఆ ఆనకట్ట స్థానంలోనే 1957లో ప్రకాశం బరాజు వచ్చింది. వరి వచ్చిన చోట నూకలూ తవుడూ వచ్చాయి, కళ్ళాలలో రాలిన గింజ వచ్చింది, గింజ ఉన్నచోట కోడి ఉన్నది. మా తాతగారి ఇంట కోళ్ళు అసీలు జాతివి. అసీలు అనేది అరబ్బీ మాట. స్వచ్ఛమైన వంశం గలదని దాని అర్థం. పొడుగు కాళ్ళు, నిటారైన మెడ, బిగువైన ఒళ్ళు, నెత్తిన బఠానీలు పేర్చినట్లు అణగి ఉండే పొట్టి జుట్టు. గుడ్లు తక్కువ, ఏడాదికి ముప్పై నలభై వస్తే గొప్ప. కాని పొదగడంలో, పిల్లలను కాపాడటంలో ఆ పెట్టకు సాటి లేదు.

సంక్రాంతికి పుంజులు తాతగారివి. ఊరు ఊరంతా వాటిని చూడవచ్చేది. మిగిలిన పదకొండు నెలలూ కోళ్ళు నాయనమ్మవి. ఏ పెట్టను పొదగవేయాలి, ఏ గుడ్లు ఏరాలి, ఏ పిల్లను ఉంచాలి, ఏది సంతకు పోవాలి అన్నవన్నీ ఆమె చేతిలోనివే. తాతగారు ఒక్కనాడైనా ఆ నిర్ణయాన్ని ప్రశ్నించగా చూడలేదు. పండుగ మూడు రోజులూ మాత్రం ఆమె బరివైపు పోయేది కాదు. పుంజు తిరిగి రాకపోతే, గూటిముందు నిలబడి ఒక పిడికెడు గింజలు పోసి లోపలికి వెళ్ళిపోయేది.

ఆమెకొక అలవాటు ఉండేది. ఎంత మంచి పెట్టయినా సరే, దాని సంతతిలో ఒక పెట్టనైనా ఎవరికో పాలికి ఇచ్చేది. పాలికి ఇవ్వడమంటే పెంచుకొన్నవారు పిల్లలలో సగం ఇచ్చినవారికి తెచ్చి ఇవ్వాలి. ఏటా నాట్లకు నూజివీడు వైపు మెట్టప్రాంతంనుండి కూలికి వచ్చే ఆడవారిలో ఒకామెకు 1976లో అలాగే ఒక పెట్టను ఇచ్చింది. "వంశమంతా ఒక్క గూటిలో ఉంచరాదు" అని ఆమె మాట. మాకు అది చాదస్తంగా తోచేది.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నాకు అప్పటికి పందొమ్మిదేళ్ళు. భాషాప్రవీణ చదువుతూ ఊరికి దూరంగా ఉన్నాను. ఆ రాత్రి సముద్రం పదిహేను ఇరవై అడుగుల ఎత్తున దివిసీమమీదికి వచ్చింది. వేలాది మంది పోయారు. దాదాపు పదివేలని లెక్క చెబుతారు. పశువులకు ఎవరు లెక్కకట్టగలరు? నేను ఊరు చేరేసరికి మా ఇంటి చోట బురద ఉన్నది. తాతగారు లేరు. గూడు లేదు. ఒక్క కోడి లేదు. నాయనమ్మ గుడి అరుగుమీద పదిమందితోబాటు బ్రతికింది. కార్తికమాసమది. మబ్బు విడిచిన రాత్రి ఆమె వాకిలి లేని వాకిట్లో కూర్చుని పైకి చూస్తే పిల్లలకోడి నెత్తిమీదనే ఉన్నది. ఆమె ఆనాడు దానిని గురించి ఏమీ అనలేదు.

మరుసటి ఎండాకాలంలో ఆ మెట్టప్రాంతపు ఆమె మమ్మల్ని వెదుక్కొంటూ వచ్చింది. నెత్తిన గంప, గంపలో నాలుగు పిల్లలు. "అమ్మగారూ, మీ పాలు" అంది. అంతకుమించి మాట్లాడలేకపోయింది. నాయనమ్మ ఆ పిల్లలను ఒక్కొక్కదాన్నే చేతిలోకి తీసుకొని, కాళ్ళు చూసి, మళ్ళీ గంపలో పెట్టింది. "నాకు గూడు లేదు, ఓపికా లేదు. నీ దగ్గరే ఉంచు. పాలు అడగను. తెగనివ్వకు, అంతే" అంది. మా ఇంట మళ్ళీ కోడి రాలేదు. 1984లో ఆమె పోయింది. మేము బెజవాడకు వచ్చేశాము.

నా విరమణ తరువాత కానూరు వైపు ఒక చిన్న ఇల్లు, దాని వెనుక నాలుగు సెంట్ల పెరడు అమరినవి. 2022 చివరలో ఒక మధ్యవయస్కుడు చిరునామా అడుగుతూ వచ్చాడు. ఆ మెట్టప్రాంతపు ఆమె కొడుకు. "మాష్టారూ, మా అమ్మ కాలం చేసింది. పోయేముందు మీ ఇంటి పెట్టను మీకు చేర్చమని చెప్పింది" అన్నాడు. చేతిలో బుట్ట, బుట్టలో ఒక కౌజు పెట్ట. నలభైఆరేళ్ళు. ఎన్ని తరాలో లెక్క వేయబోయి మానుకొన్నాను. ఆ బుట్టను అందుకొన్నప్పుడు నా చేతులు వణికాయన్నది నిజం.

ఇక నా పాండిత్యం బయటపడింది. కోడిని గురించి ఇన్ని గ్రంథాలు తెలిసిన నాకు ఒక పెట్టను పొదగవేయడం తెలియదు. దివిసీమలోనే ఉన్న మా బావ దగ్గరనుండి పుంజును తెచ్చాను. ఉప్పెన తరువాత బయటనుండి వచ్చిన వేరే వంశమది. రక్తం దగ్గర కాకుండా ఉండటం మంచిదని బావే చెప్పాడు. 2023 మాఘం చివర పెట్ట పొదుగుకు వచ్చింది. గంపలో ఇసుక పోసి, పైన వరిగడ్డి పరచి, పదకొండు గుడ్లు పెట్టాము. ఏడవనాటి రాత్రి నాయనమ్మ లాంతరు ముందు పట్టి చూసినట్లే నేను సెల్‌ఫోను వెలుగు ముందు ఒక్కొక్క గుడ్డునూ పట్టి చూశాను. తొమ్మిదింటిలో ఎర్రని దారాలు అల్లుకొన్నట్లు నరాలు కనిపించాయి. రెండు ఖాళీ. ఇరవైఒకటవ రోజున ఎనిమిది పిల్లలు లేచాయి. ఒకటి పెంకు చిట్లించి, బయటికి రాలేక లోపలే పోయింది. పెంకు ఒలిచి సాయం చేయనా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే పోయింది. ఆ సంకోచానికి ఇప్పటికీ నాకు సమాధానం లేదు. వారం తిరగకముందే ఒక పిల్లను ముంగిస ఎత్తుకుపోయింది. మిగిలినవి ఏడు.

పెరడు చిన్నది. ఏడూ పెరిగితే చోటు చాలదు. మొదటినుండే ఎంచుకోవాలనుకొన్నాను. శాస్త్రపుస్తకం తీసి, పదిరోజుల పిల్లలను ఒక్కొక్కటిగా పట్టి చూశాను. ఒకటి ఎర్రని ఛాయ, పొడుగు కాళ్ళు, అందరికంటె నిటారుగా నిలబడి నావైపు చూసింది. ఇది డేగ పుంజు అవుతుంది, తాతగారి గూటి కీర్తి తిరిగి వస్తుంది అని నిశ్చయించి దాని కాలికి ఎర్రదారం కట్టాను. పెరుగుతున్నకొద్దీ దారం మార్చుతూ వచ్చాను. నా శ్రీమతితో "ఇదే మన వంశోద్ధారకుడు" అని కూడ అన్నాను.

మూడు నెలలు గడిచేసరికి నాలుగింటికి మెడ ఈకలు సాగి, జుట్టు ఎర్రబడి పుంజులని తేలింది. నా వంశోద్ధారకుడు వాటిలో లేడు. ఆశ్వయుజంలో ఎర్రదారం కట్టిన నా డేగ పుంజు ఒక గుడ్డు పెట్టింది. నా శ్రీమతి ఆ గుడ్డును తెచ్చి శాస్త్రపుస్తకంమీద పెట్టి వెళ్ళింది.

పిల్లల నూగు రంగు పెద్దయిన తరువాతి ఈక రంగు కాదని ప్రతి కోళ్ళ గూటి ఇల్లాలికీ తెలుసు. నాకు తెలియదు. నేను చదివిన శాస్త్రం పెరిగిన పుంజును చూసి వ్రాసినది. నా చేతిలో ఉన్నది పదిరోజుల పిల్ల.

ఆ గుడ్డు రాకముందే, శ్రావణంలో, మెట్టప్రాంతంనుండి అతడూ అతని భార్యా చూడవచ్చారు. ఆమె అత్తగారి చేతిక్రింద ఇరవైయేళ్ళు కోళ్ళను సాకినది. "ఏవి ఉంచుకొంటారు మాష్టారూ?" అని అడిగింది. "నువ్వే చెప్పమ్మా" అన్నాను. ఆమె రంగు చూడలేదు. ఒక్కొక్కదాన్ని ఎత్తి అరచేతిలో బరువు చూసింది. బోరఎముక తిన్నగా ఉన్నదా అని వేలితో తడిమింది. కాలివేళ్ళు వంకర లేకుండా ఉన్నవా అని చూసింది. పిడికెడు నూకలు చల్లి దూరంగా కూర్చుని, ఏది తిని తప్పుకొంటున్నదో, ఏది పక్కదాన్ని పొడుస్తున్నదో గమనించింది. సాయంత్రం వరకు ఉండి, ఏది ఏ కొమ్మకు చేరుతున్నదో చూసింది. చివరికి మూడు పెట్టలలో రెంటిని చూపించింది. ఎర్రదారం పిల్ల అందులో ఒకటి. "దీని గొంతు విన్నారా? మెత్తగా పిలుస్తుంది. ఇట్లాంటిదాని వెనుక పిల్లలు తప్పిపోవు" అంది. వరాహమిహిరుడు నాకు గుర్తుకు వచ్చాడు. పద్నాలుగైదు వందల ఏళ్ళనాటి శ్లోకాన్ని చదువురాని ఒక ఇల్లాలు నా పెరట్లో వ్యాఖ్యానించింది. మెత్తని పలుకు రాజులకు శ్రీనిస్తుందో లేదో గాని, పిల్లలను దగ్గరకు చేర్చుతుంది.

"మరి పుంజుల సంగతి?" అన్నాను. "పుంజును ఊరంతా చూస్తుంది మాష్టారూ. పెట్టను మనమే చూసుకోవాలి" అంది.

డార్విను 1859లో వెలువరించిన గ్రంథంలో ఒక మాట చెప్పాడు: జాతిని మార్చాలన్న ఉద్దేశమేమీ లేకుండానే, తమవద్ద ఉన్నవాటిలో మంచివాటిని నిలుపుకొంటూ పోవడంచేత మనుషులు కాలక్రమంలో జాతులను మలచారని. దానిని ఆయన ఎరుకలేని ఎంపిక అన్నాడు. 1868లో పెంపుడు ప్రాణులమీద వ్రాసిన పెద్ద గ్రంథంలో కోళ్ళకు ఒక అధ్యాయం కేటాయించి, పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి అని వాదించాడు. కలకత్తాలో ఉన్న ఎడ్వర్డు బ్లైత్ ఆయనకు మన దేశపు పక్షులను గురించి ఎంతో సమాచారం అందించాడు. ఆ వాదం చాలవరకు నిలిచింది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం 863 కోళ్ళ జన్యుపటాలను పరీక్షించి, చైనా నైరుతి భాగం, థాయిలాండు ఉత్తరభాగం, మయన్మారు ప్రాంతాలలోని ఎర్ర అడవికోడి ఉపజాతి పెంపుడు కోడికి ముఖ్యమైన మూలమని తేల్చింది. అయితే 2008లోనే మరొక అధ్యయనం, కోడి చర్మానికి పసుపుఛాయనిచ్చే గుణం మన దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడినుండి వచ్చిందని చూపించింది. అంటే మన అడవులది కూడ ఆ వంశంలో ఒక పాలు ఉన్నది.

ఆ అణగిన బఠానీజుట్టుకు కూడ ఒక చరిత్ర ఉన్నది. మెండెలు సూత్రాలు బటానీ మొక్కలలోనే గాక జంతువులలో కూడ వర్తిస్తాయని 1902లో బేట్సన్ చూపించినది కోళ్ళ జుట్టు ఆకారాలను ఆధారం చేసుకొనే. మన అసీలు ఇంగ్లండు చేరి, కార్న్‌వాల్ ప్రాంతంలో ఇతర జాతులతో కలిసి ఇండియన్ గేమ్ అనే జాతికి జన్మనిచ్చింది. అమెరికాలో దానికి కార్నిష్ అని పేరు. వెడల్పు రొమ్ము గల ఆ కార్నిష్ నేటి మాంసపు కోళ్ళకు పితృవంశాలలో ఒకటి. బెజవాడ వీధులలో ఆదివారం పూట వరుసగట్టి నిలబడి కొనుక్కొనే ఆ తెల్లకోడి, అట్లా చూస్తే, ఎప్పుడో సముద్రం దాటిపోయి తిరిగివచ్చిన మన బంధువే. కాని దానికి పొదగడం తెలియదు. పొదిగే గుణాన్ని ఎవరూ నిలుపుకోలేదు, అవసరం లేదు కనుక. మనం దేనిని నిలుపుకొంటామో అదే మిగులుతుంది. బరువు కోరినవారికి బరువు మిగిలింది. పోరు కోరినవారికి పోరు మిగిలింది. మా నాయనమ్మవంటివారు తల్లితనాన్ని కోరారు. అది ఈ పెట్టలలో మిగిలి ఉన్నది.

ఇంకొక సంగతి. పందెగాళ్ళు పుంజు వంశాన్నే పొగుడుతారు గాని, పుంజులో సగం తల్లిదే. కొక్కెర తెగులు ఊళ్ళమీద పడినప్పుడు, రాణీఖేత్ వ్యాధి అని ఇప్పుడు టీకాలు వేస్తున్నది దానికే, బ్రతికి బట్టకట్టిన పెట్టను గుర్తుపెట్టుకొని దాని గుడ్లే పొదగవేసేవారు. అది ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఎక్కకపోయినా జాతి మలచబడింది. అసీలును ఈనాడు ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల దేశవాళీ జాతిగా జాతీయ జన్యువనరుల సంస్థ నమోదు చేసింది. ఆ నమోదు వెనుక పేరులేని ఎందరు ఇల్లాళ్ళ ఎంపిక ఉన్నదో!

ఆ ఏటి ధనుర్మాసంలో ఒక పెద్దమనిషి వచ్చాడు. నా నాలుగు పుంజులలో ఒకటి కాకిగా తేలింది. నల్లగా, నిగనిగలాడుతూ, చూడముచ్చటగా ఉండేది. "పదివేలిస్తాను మాష్టారూ, ఏడాది మేపి బరిలోకి దించుతాను" అన్నాడు. నేను నీతిమంతుణ్ణని చెప్పుకోబోవడం లేదు. పదివేలు విరమణ వేతనంమీద బ్రతికేవాడికి తక్కువ మాట కాదు. మా తాతగారు బరి చుట్టూ తిరిగినవారే. జంతుహింస నిరోధక చట్టం 1960నుండీ ఉన్నది; 2016 డిసెంబరులో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానం కోడిపందేలను అడ్డుకొమ్మని ఆదేశించింది; అయినా సంక్రాంతికి కోడి కత్తి కట్టుకొంటూనే ఉన్నది. నన్ను ఆపినది చట్టమా అంటే కాదు. పండుగనాటి సాయంత్రం ఖాళీ గూటిముందు పిడికెడు గింజలు పోసే మనిషి గుర్తుకు వచ్చింది. ఆమె ఒక్కనాడూ తాతగారిని అడ్డుకోలేదు. అడ్డుకొనే హక్కు తనకు ఉన్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు ఉన్నది. ఇవ్వనన్నాను. ఆయన నన్ను పిరికిపంతులన్నట్లు చూసి వెళ్ళాడు.

చివరికి నేను నిలుపుకొన్నది తల్లిపెట్టనూ, ఆమె చూపిన రెండు పెట్టపిల్లలనూ. మూడవ పెట్టను మా వీధి చివరి ఒక కుటుంబానికి పాలికి ఇచ్చాను. పుంజులలో రెండు మెట్టప్రాంతానికి వెళ్ళాయి. ఒకటి దివిసీమకు, మా బావ ఇంటికి. కాకిని కొన్నాళ్ళు ఉంచుకొని, చుట్టుప్రక్కలవారి నిద్ర చెడుతున్నదని ఫిర్యాదు వచ్చాక, పందెం మాట ఎత్తనని మాట ఇచ్చిన ఒక పాత శిష్యుడి పొలానికి పంపాను. మాట నిలిచిందని నమ్ముతున్నాను.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో బర్డ్ ఫ్లూ బయటపడి కోళ్ళను పూడ్చిపెడుతున్నారని విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పెరడు దాకా ఆ ముప్పు రాలేదు. కాని పెరట్లోకి వచ్చి గూడు చూసి, తలుపు చూసి, అక్కడే నిలబడి లెక్క వేసుకొన్నాను: మెట్టన ఒక చోట, దివిలో ఒక చోట, వీధి చివర ఒక చోట, ఇక్కడ ఒక చోట. ఇక్కడిది పోయినా వంశం తెగదు. వంశమంతా ఒక్క గూటిలో ఉంచరాదన్న మాట చాదస్తం కాదని ఒప్పుకోవడానికి నాకు ఒక ఉప్పెన, నలభైఎనిమిదేళ్ళు పట్టినవి.

నేను ముప్పైమూడేళ్ళు పిల్లలకు వ్రాతలో ఉన్నదే చరిత్ర అన్నట్లు పాఠం చెప్పాను. గెలిచిన పుంజులు కావ్యాలకెక్కాయి. వాటిని కన్న పెట్టలనూ, ఆ పెట్టలను ఏరి నిలిపిన చేతులనూ వెదకాలంటే మన ఇళ్ళలోనే, మన నాయనమ్మల మాటలలోనే వెదకాలి. మీ ఇళ్ళలో పొదుగుకు గుడ్లు ఎట్లా ఏరేవారో, ఏ పిల్లను నిలుపుకొనేవారో, ఆ పనికి మీ వైపు ఏ మాటలు వాడేవారో గుర్తున్నవారు దయచేసి వ్రాయండి. చెప్పగలిగినవారు ఇంకా ఉండగానే సేకరించుకోవలసిన సంగతులివి.

ఎర్రదారం పెట్ట ప్రస్తుతం పొదుగుమీద ఉన్నది. తొమ్మిది గుడ్లు పెట్టాము. ఈసారి ఎవరి కాలికీ దారం కట్టను.